నల్ల ఫిల్టరు ఎవరి ముక్కు కోసం?



పోయిన నెల ఫోరస్ రోడ్డులో మన ఆదివారం మీటింగు నడుస్తుండగా ఒక పిల్లవాడు చంకలో ప్లాస్టిక్ సంచి పెట్టుకొని వచ్చాడు. భివండీలో బట్టకు రంగు వేసి ఆరబెట్టే ఒక ప్రాసెస్ హౌస్‌లో పని చేస్తాడు. వాళ్ళ తాత, నేను ఒకే సాంచా ఖాతాలో, ఒకే పాళీలో పని చేసినవాళ్ళం. సంచి విప్పి బల్ల మీద పెట్టాడు. పలక మాదిరి నల్లటి వస్తువు, అంచుల నిండా జిడ్డు. కుళ్ళిన గుడ్లూ, మాడిన నూనే కలిసినట్టు ఖోలీ అంతా కంపు.

"తాతా, మనోళ్ళు కొట్లాడి తెచ్చిన కార్బన్ ఫిల్టరు ఇదే. రెండేండ్ల సంది ఇదొక్కటే వున్నది. నీళ్ళతోని కడిగి, ఎండబెట్టి, మళ్ళ పెట్టుమంటడు మేనేజరు. కడిగినా కంపు పోతలేదు" అన్నాడు.

బల్ల చుట్టూ కూర్చున్న కమిటీవాళ్ళం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. రెండేళ్ళ కింద ఇదే పత్రికలో, మొదటి పేజీలో, దుర్వాసన సమస్యపై కార్మికుల విజయం అని అచ్చు వేసుకున్నాం. ఆ వార్త రాసింది నేనే. యాజమాన్యం రెండు బ్లోయర్లు, వాటికి కార్బన్ ఫిల్టర్లు బిగించింది. మనం చప్పట్లు కొట్టాం, సంతకాలు పెట్టాం. ఒప్పందం తీసి మళ్ళీ చదివాను. "ఫిల్టర్లు అమర్చబడును" అని వుంది. ఎన్నాళ్ళకు మార్చాలి, ఎవరు మార్చాలి, మార్చారో లేదో ఎవరు చూడాలి అన్నది ఒక్క ముక్క లేదు. ఆ లోపం మనది. దాన్ని వాడుకోవడం యాజమాన్యం పని, అది తన పని తాను చక్కగా చేసుకుంది. ఆ వార్త నేను రాశాను కనుక ఈ వ్యాసం కూడా నేనే రాయాలి.

ఈ నల్ల వస్తువు ఏమిటో నాకూ అప్పటిదాకా తెలియదు. మాళ్ళలో, ఆఫీసుల్లో ఏసీల పని చేసే మన పిల్లల్ని పట్టుకొని అడిగి, కాగితాలు చదివించుకొని తెలుసుకున్నాను. అది బొగ్గు. చాలావరకు కొబ్బరి చిప్పల బొగ్గు. చిప్పలను గాలి ఆడకుండా కాల్చి, ఆ బొగ్గును ఎనిమిది తొమ్మిది వందల డిగ్రీల వేడిలో నీటి ఆవిరి పట్టిస్తే దానిలో కంటికి కనపడని రంధ్రాలు కోట్లకొద్దీ పడతాయి. ఒక్క గ్రాము బొగ్గులో ఆ రంధ్రాల గోడలన్నీ విప్పి నేల మీద పరిస్తే సుమారు 1000 చదరపు మీటర్లు అవుతుంది. మన చాలీలో పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు వున్న ఖోలీ 11 చదరపు మీటర్లు. అంటే చిటికెడు బొగ్గులో తొంభై ఖోలీల జాగా! గాలి దానిలోంచి పోతుంటే, వాసన పుట్టించే ఆవిర్లు వెళ్ళి ఆ గోడలకు అంటుకుంటాయి. గాలి ముందుకు పోతుంది, కంపు వెనక నిలిచిపోతుంది.

జాగా వున్నంతవరకే ఈ ముచ్చట. తొంభై ఖోలీలు కూడా నిండుతాయి. ఒక్కో ఖోలీలో మూడు పాళీలవాళ్ళు వంతులు వేసుకొని పడుకున్న కామాటిపురవాళ్ళకు నిండడమంటే ఏమిటో నేను చెప్పనక్కరలేదు. నిండిన తర్వాత వచ్చిన ఆవిరి వచ్చినట్టే బయటికి పోతుంది. అంతటితో ఆగదు. గాలి వేడెక్కితే, ఇంకా గట్టిగా అంటుకునే ఆవిరి మరొకటి వస్తే, లోపల పట్టి వుంచినదాన్ని కూడా బొగ్గు వదిలేస్తుంది. అప్పుడు ఆ ఫిల్టరే కంపు కొట్టడం మొదలు పెడుతుంది. మన బల్ల మీద జరిగింది అదే.

మరి మేనేజరు చెప్పిన కడగడం సంగతి? నీళ్ళతో కడిగితే పైన పేరుకున్న దుమ్ము కొంత పోతుంది, రంధ్రాల్లోకి నీళ్ళు పోతాయి. ఎండలో పెడితే ఆ నీళ్ళు ఆరుతాయి. లోపల అంటుకున్న ఆవిర్లు పోవాలంటే ప్రత్యేకమైన కొలిమిలో, గాలి లేకుండా, వందల డిగ్రీల వేడి పెట్టాలి. మిద్దె మీద తాడుకు వేలాడదీస్తే అయ్యే పని కాదు. ఫిల్టరుకు ముందు దుమ్మును ఆపే జాలీ ఒకటి వుంటుంది. దాన్ని కడగవచ్చు, దులపవచ్చు. దానికి వర్తించే మాటను దీనికి తగిలించి, కొత్త ఫిల్టరు డబ్బు మిగుల్చుకుంటున్నారు. మిగిలిన డబ్బు ఎవరి జేబులోకి పోతుందో తెలుసు. మిగిలిన ఆవిరి ఎవరి ఊపిరితిత్తుల్లోకి పోతుందో కూడా తెలుసు.

ఇంకో మోసం వుంది. అందరి ఫిల్టర్లూ ఒకటి కావు. మంచివాటిలో ట్రేలో కిలోల కొద్దీ బొగ్గు గింజలు వుంటాయి, నెలల తరబడి పని చేస్తాయి. అగ్గువవాటిలో పాలిస్టర్ చాప మీద బొగ్గు పొడి చల్లి అంటిస్తారు. దానిలో బొగ్గు గ్రాముల్లో వుంటుంది. రంగు ఖాతా ఆవిర్లకు అది వారాల్లోనే నిండుతుంది. రెండూ నల్లగానే వుంటాయి. బిల్లులో రెంటి పేరూ కార్బన్ ఫిల్టరే. మనవాడు తెచ్చినది ఈ రెండో రకం. రెండేళ్ళు వాడారు!

చరిత్ర ఒకసారి చూడండి. బొగ్గుతో గాలి వాసన తీయవచ్చునని చూపించినవాళ్ళలో స్టెన్‌హౌస్ అనే స్కాట్లండ్ రసాయన శాస్త్రజ్ఞుడు ఒకడు. 1854లో ఆయన బొగ్గు ఫిల్టరును లండన్‌లో మాన్షన్ హౌస్‌లో పెట్టారు. మాన్షన్ హౌస్ అంటే ఆ నగర మేయరు గారి భవనం. బయటి వీధి కంపు లోపలి దొరలకు తగలకూడదని. సరిగ్గా ఆ 1854లోనే మన ఫోరస్ రోడ్డు నుండి నడిచిపోయేంత దూరంలో, తాడ్‌దేవ్‌లో, కావస్జీ దావర్ బొంబాయి మొదటి నూలు మిల్లు కంపెనీ పెట్టాడు. మేయరు ముక్కుకు బొగ్గు ఫిల్టరు వచ్చిన ఏడాదే మన మిల్లు బతుకు మొదలైంది. ఆ మిల్లుల దుమ్ముకు మాత్రం ఎవరూ ఏమీ పెట్టలేదు. తర్వాత 1915లో జర్మనీ సైన్యం ఈప్ర్ దగ్గర క్లోరిన్ వదిలాక ముసుగుల్లోకి బొగ్గు వచ్చింది. సిపాయి చస్తే యుద్ధం ఓడిపోతారు గనుక కొబ్బరి చిప్పలు, పళ్ళ గింజలు కూడా ఏరి కాల్చి ముసుగులు చేశారు. కార్మికుడు చస్తే గేటు బయట బదిలీవాడు నిలబడి వుంటాడు. అతనికెందుకు ముసుగు?

కంపు అనగానే ఈ నగరంలో పెద్దవాళ్ళ చూపు మన వాడ మీదికే తిరుగుతుంది. ఇదీ కొత్త కాదు. 1896లో ప్లేగు వచ్చినప్పుడు చెడు గాలి పేదల గదుల్లోంచి వస్తున్నదన్నారు. 1898లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు పెట్టి, మన పక్కనే వున్న నాగ్‌పాడాను మొట్టమొదట కూలగొట్టిన వాటిలో చేర్చారు. ఈ నగరానికి రాళ్ళు మోసి, గోడలు కట్టి, తమ పేరును వాడకు ఇచ్చిన కామాటీల ఇళ్ళు వాళ్ళ ముక్కుకు కంపు. నైజాం రాజ్యం నుండి వచ్చిన ఆ తెలుగువాళ్ళ తర్వాత కరీంనగరు, నల్గొండ వైపు నుండి మగ్గాలు వదిలి మనవాళ్ళు వచ్చారు. వాళ్ళు రోజుకో పాళీ మింగిన దుమ్ము మాట ఏ ట్రస్టుకూ పట్టలేదు. ఎందుకు పట్టలేదో తెలుసా? దూది దుమ్ముకు కంపు లేదు.

ఇది గట్టిగా గుర్తు పెట్టుకోవలసిన విషయం. మా నాయన సెలవు తర్వాత సోమవారం మిల్లుకు పోగానే ఛాతీ పట్టేసిందనేవాడు. మంగళవారానికి కొంచెం తేలికయ్యేది. కొన్నేళ్ళకు వారమంతా పట్టేసింది. తర్వాత ఫోరస్ రోడ్డు చాలీ మెట్లు మూడోది ఎక్కి నిలబడి, ఏడోది ఎక్కి నిలబడి పైకి వచ్చేవాడు. బీడీ మానమన్నారు డాక్టర్లు. ఆయన బీడీ తాగడు. దాని పేరు బిస్సినోసిస్ అని, దూది దుమ్ముతో వచ్చే జబ్బని, సోమవారం పట్టేయడమే దాని మొదటి గుర్తని ఆయన పోయిన చాలా ఏళ్ళకు నాకు తెలిసింది. అమెరికాలో మిల్లు కార్మికులు ఇదే జబ్బు మీద పోరాడితే 1978లో ప్రభుత్వం దుమ్ముకు కొలత పెట్టింది: నూలు ఖాతాలో ఘనపు మీటరు గాలికి 200 మైక్రోగ్రాములు, నేత ఖాతాలో 750. యాజమాన్యాలు ఖర్చెక్కువని కోర్టుకు పోతే 1981లో అక్కడి సుప్రీంకోర్టు వాళ్ళ వాదన కొట్టేసింది. ఆ దుమ్మును కార్బన్ ఫిల్టరు ఆపదు. అది వున్నది ఆవిర్ల కోసం. పీచు దుమ్ము వచ్చి కూర్చుంటే దాని రంధ్రాలే మూసుకుపోతాయి. మా నాయనను తీసుకుపోయినదానికి వాసన లేదు. రేపు మన పిల్లల్ని తీసుకుపోయేదానికి వాసన తీసేసి, అంతా బాగైందంటే నమ్మమంటారా?

నేత ఖాతాలో పని చేసేవాళ్ళకు మరో మాట. పోగు తెగకుండా వుండాలని మన సాంచాల దగ్గర తేమ ఎంత పెడతారో తెలుసు కదా, నూటికి 75, 80 దాకా. తేమ 60 దాటితే ఈ బొగ్గు రంధ్రాల్లో నీళ్ళే కూర్చుంటాయి, ఆవిర్లకు చోటు తగ్గిపోతుంది. కాబట్టి నేత ఖాతాలో కార్బన్ ఫిల్టరు పెట్టి మేలు చేశామని ఎవరైనా అంటే, వానలో ఉప్పు ఆరబోసినట్టే.

రంగు ఖాతా సంగతి ఇంకా ప్రమాదం. సల్ఫర్ నలుపు వేసేచోట సోడియం సల్ఫైడ్ వుంటుంది. దానికి ఆసిడ్ తగిలితే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే గ్యాసు పుడుతుంది. కుళ్ళిన గుడ్ల కంపు దానిదే. మామూలు బొగ్గు దీన్ని సరిగా పట్టలేదు. మందు పట్టించిన వేరే రకం కావాలి. అమ్మోనియాకూ, ముడత పడకుండా బట్టకు పట్టించే మందుల్లోంచి వచ్చే ఫార్మాల్డిహైడుకూ అంతే. కార్బన్ మోనాక్సైడును ఈ బొగ్గు అసలే ఆపదు. హైడ్రోజన్ సల్ఫైడు మరీ దొంగది. గాలిలో పది లక్షల పాళ్ళకు వంద పాళ్ళు చేరేసరికి మన ముక్కునే చంపేస్తుంది. కంపు పోయిందని మనిషి అనుకుంటాడు. గ్యాసు మాత్రం అక్కడే వుంటుంది. కంపు మనకు శత్రువు అని ఇన్నాళ్ళూ అనుకున్నాం, నేనూ అలాగే రాశాను. చాలాసార్లు అది మనకున్న ఒకే ఒక బొంగా, మిల్లు సైరను లాంటిది. సగం పని చేసే ఫిల్టరు ఆ బొంగా నోరు నొక్కుతుంది.

కథలు చెబుతున్నానని అనుకోకండి. 2022 జనవరి 6న సూరత్ సచిన్ పారిశ్రామిక వాడలో ఒక ట్యాంకరువాళ్ళు రసాయన వ్యర్థాలను కాలువలో దొంగతనంగా పారబోస్తే లేచిన గ్యాసుకు పక్కనున్న డైయింగ్ మిల్లు కార్మికులు ఆరుగురు చచ్చిపోయారు. అదే ఏడాది మన ఆంధ్రలో, అచ్యుతాపురం బ్రాండిక్స్ సెజ్‌లో, లోదుస్తులు కుట్టే ఫ్యాక్టరీలో జూన్ 3న ఏదో ఘాటు వాసన వచ్చి రెండు వందల మంది దాకా ఆడకూతుళ్ళు వాంతులతో, కళ్ళు తిరిగి పడిపోయారు. పక్క కంపెనీ నుండి అమ్మోనియా అన్నారు, మరొకటన్నారు. ఫ్యాక్టరీ మళ్ళీ తెరిచారు. ఆగస్టు 2న మళ్ళీ అదే. ఈసారి వంద మందికి పైగా. చివరికి పరీక్షల్లో క్లోర్‌పైరిఫాస్ అనే పురుగుమందు బయటపడిందని ప్రభుత్వం ప్రకటించింది. ఆ ఆడపిల్లలు ముందు చెప్పింది ఏమిటి? వాసన వస్తున్నదని. ఆ వాసన ఎక్కడిదో తేల్చకముందే వాళ్ళను మళ్ళీ మిషన్ల ముందు కూర్చోబెట్టారు. అటువంటి చోట పైన నాలుగు నల్ల పలకలు వేలాడదీసి వుంటే రెండోసారి వాళ్ళు చెప్పినప్పుడు వినేవాళ్ళా? ఫిల్టరు వుంది కదమ్మా, అనేవాళ్ళు.

ఫిల్టరు సరిగా మార్చడం ఈ దేశంలో ఎవరికీ చేతకాదా అంటే, చాలా బాగా చేతనవును. 1982 జనవరి 18న మనం రెండున్నర లక్షల మందిమి సమ్మెకు దిగాం. మళ్ళీ తెరుచుకోని మిల్లులు మూతబడ్డాయి. ఆ నేలలో మూడో వంతు నగరానికి, మూడో వంతు ఇళ్ళకు అని 1991లో రాసిన నిబంధనను 2001లో మార్చి, కట్టడం లేని ఖాళీ జాగాకే ఆ లెక్క అన్నారు. 2006లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. ఆ నేల మీద లేచిన మాళ్ళలో హోటళ్ళున్నాయి. వాటి వంటగదుల పొగగొట్టాల్లో నూనె జిడ్డు పట్టే యంత్రం, దాని తర్వాత కార్బన్ ట్రేలు. చేపల వేపుడు వాసన పై అంతస్తు చీరల దుకాణంలోకి పోకూడదు. ఆ ట్రేలకు రిజిస్టరు వుంది, తేదీ వుంది, మార్చిన చీటీ వుంది, సంతకం వుంది. ఒక్క వారం ఆలస్యమైతే దుకాణంవాడు ఫోను చేస్తాడు. ఎవరు మారుస్తారు? కాంట్రాక్టరు కింద మన పిల్లలే. మాళ్ళు మూసిన తర్వాత రాత్రి ఒంటి గంటకు, ముక్కుకు రుమాలు కట్టుకొని, నల్ల పొడి మింగుతూ. ఒకడు నాతో అన్నాడు: "తాతా, మీ సాంచా ఖాతా ఏడుండెనో గాడనే నిచ్చెన వేసుకొని ఎక్కిన." నాకు నోట మాట రాలేదు.

కాబట్టి చేతకాక కాదు. ఎవరి ముక్కు కోసం అన్నదే ప్రశ్న.

కమిటీలో ఒక సోదరుడు నాతో వాదించాడు. ఆయన మాట కూడా న్యాయంగా రాయాలి. "ఏమీ లేనిచోట ఏదో ఒకటి తెచ్చుకున్నాం. దాన్ని మనమే తిడితే యాజమాన్యం అది కూడా పీకేస్తుంది. ఖర్చు మిగిలిందని సంతోషిస్తుంది. ముందు మార్పించుకుందాం, మిగతాది తర్వాత" అన్నాడు. సగం నిజం. మార్పించుకోవాలి, పీకించకూడదు. "మిగతాది తర్వాత" అన్న దగ్గరే నాకు పేచీ. మనం ఫిల్టరును అడిగింది కంపు భరించలేక. కంపు తగ్గిన రోజు మనవాళ్ళలో సగంమంది మీటింగుకు రావడం మానేశారు, హాజరు పుస్తకం చూడండి. మిగతాది తర్వాత అంటే ఎప్పటికీ రాదు.

చట్టం ఈ విషయంలో మనకంటే తెలివిగా మాట్లాడింది. 1948 ఫ్యాక్టరీల చట్టం 14వ సెక్షన్ ఏమన్నది? దుమ్ముగానీ పొగగానీ పుట్టే చోటుకు వీలైనంత దగ్గరగా ఎగ్జాస్టు పెట్టాలి, వీలైనంతవరకు ఆ చోటును మూసివేయాలి అన్నది. ఖాతా మధ్యలో పైకప్పుకు ఫిల్టరు వేలాడదీయమనలేదు. జిగ్గర్ మీద మూత, స్టెంటర్ నోటి దగ్గర గొట్టం, ఆ తర్వాత ఫిల్టరు. వరస ఇది. ఆ చట్టాన్ని ఎత్తేసి 2025 నవంబరు 21 నుండి కొత్త కోడ్‌లు అమలు చేశారు. దుమ్ము, విష వాయువులు లేని వాతావరణం వుండాలని భద్రతా కోడ్ 23వ సెక్షన్ ఒక్క ముక్కలో అన్నది, వివరమంతా నియమాలకు వదిలేసింది. కరెంటు వాడే చోట పది మంది వుంటే ఫ్యాక్టరీ అన్నది పోయి ఇరవై మంది అయింది. భివండీలో చిన్న సాంచా కార్ఖానాలు ఎన్నో ఈ గీతకు అవతల పడతాయి. అక్కడ ఇన్‌స్పెక్టరు రాడు, మనమే చూసుకోవాలి.

ఇక ఏం చేయాలి? కొత్త ఫిల్టరు పెట్టినరోజు దాన్ని తూచి, బరువు, తేదీ సుద్దతో కాదు, పెయింటుతో దాని చట్రం మీద రాయించాలి. పదిహేను రోజులకోసారి తూచాలి. ఆవిర్లు పడుతున్నకొద్దీ బరువు పెరుగుతుంది. పెరగడం ఆగిందంటే నిండిందన్నమాట. తేమ వున్నచోట తూకం మోసం చేస్తుంది గనుక ఫిల్టరు అవతలి గాలిని బయటినుండి అప్పుడే వచ్చిన మనిషి చేత వాసన చూపించాలి. లోపల ఎనిమిది గంటలు వున్నవాడి ముక్కు అలవాటు పడిపోతుంది, వాడి సాక్ష్యం చెల్లదు. సల్ఫైడ్ వుండే చోట ముక్కును నమ్మవద్దు, గ్యాసు మీటరు అడగాలి. కొనేటప్పుడు కార్బన్ అని రాస్తే చాలదు, ఎన్ని కిలోలో, ఏ ఆవిరికో బిల్లు మీద వుండాలి, ఆ బిల్లు నకలు మన కమిటీకి ఇవ్వాలి. తీసేసిన బొగ్గును చెత్తకుండీలో వేయకూడదు, వాడేసిన కార్బన్ 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల పట్టికలో వుంది. పెద్ద ట్యాంకుల్లో కార్బన్ మార్చేవాళ్ళు మరీ జాగ్రత్త. తడిసిన బొగ్గు గాలిలోని ఆక్సిజన్‌ను తినేస్తుంది. మూసి వున్న ట్యాంకులోకి ఊరికే దిగినవాడు పైకి రాడు. గాలి కొలవకుండా దిగమంటే దిగవద్దు. ఒకడు దిగి పడిపోతే కాపాడబోయి రెండోవాడు దిగవద్దు.

ఆ పిల్లవాడు తెచ్చిన ఫిల్టరును పక్క కిరాణా దుకాణంలో తూచాం. పెట్టె మీది చీటీలో రాసిన కొత్త బరువుకు దాదాపు రెండింతలు వుంది. చీటీనీ, తూకం కాగితాన్నీ కలిపి యాజమాన్యానికి కమిటీ తరఫున ఉత్తరం పంపాం. పదిహేను రోజుల గడువు ఇచ్చాం. జవాబు ఇంకా రాలేదు. ఫిల్టరు ఎందుకు ఫ్యాక్టరీ బయటికి తీసుకుపోయావని పిల్లవాడికి మాత్రం మెమో వచ్చింది! ఆ మెమోకు జవాబు అతనొక్కడే ఇవ్వడు.

గడువు వచ్చే శనివారంతో అయిపోతుంది. ఆదివారం ఉదయం పది గంటలకు ఫోరస్ రోడ్డు మీటింగుకు రండి. మీ ఖాతాలో కార్బన్ ఫిల్టరు వున్నవాళ్ళు దాన్ని ఊడదీసి తేనక్కరలేదు, పెట్టె మీది చీటీ వుంటే అది, లేకపోతే ఎప్పుడు పెట్టారో, ఎన్నిసార్లు కడిగించారో ఒక కాగితం మీద రాసి తెండి. సోమవారం ఛాతీ పట్టేసేవాళ్ళు ఎవరైనా వుంటే, సిగ్గుపడకుండా ఆ సంగతి కూడా రాయండి.